క్రేఫిష్ పెంపకం: అంతా కుబుసం చుట్టూనే

పొద్దున లేచి చూస్తే ట్యాంకు అడుగున క్రేఫిష్ (ముందు పటకార్లున్న, రొయ్యలాంటి మంచినీటి ప్రాణి) పక్కకు ఒరిగి, కదలిక లేకుండా పడి ఉంటుంది. చచ్చిపోయిందనుకుని వలతో తీసి పారేసేవాళ్లు చాలామంది. తీసేముందు ఒకసారి దగ్గరగా చూడండి. వీపు పెంకు, తోక కలిసే చోట అడ్డంగా చీలిక ఉండి, కళ్లు గాజుపూసల్లా ఖాళీగా ఉంటే అది విడిచిన డొల్ల. అసలు ప్రాణి ఏ గొట్టంలోనో మెత్తటి ఒంటితో దాక్కుని ఉంటుంది. డొల్ల లేకుండా ప్రాణి ఒక్కటే పక్కకు వాలి, కాళ్లు నెమ్మదిగా ఆడిస్తుంటే కుబుసం విడవడం మొదలైందన్న మాట. నిజంగా చచ్చినదైతే ఒళ్లు పాలిపోయి లేత ఎరుపు తిరుగుతుంది, నీళ్లలోంచి తీయగానే వాసన కొడుతుంది. అనుమానం తీరకపోతే కొన్ని గంటలు ఆగండి. ఆ కాసేపట్లో కొంప మునిగేదేమీ లేదు.

రొయ్యలు, పీతల్లాగే క్రేఫిష్‌కూ ఎముకలుండవు. బయటి పెంకే దాని అస్థిపంజరం. ఒళ్లు పెరుగుతుంది, పెంకు పెరగదు. అందుకే పాతది విడిచి కొత్తది కట్టుకోవాలి. పిల్లలు ఒకటి రెండు వారాలకోసారి, పెద్దవి ఏడాదికి రెండు నుంచి నాలుగుసార్లు కుబుసం విడుస్తాయి. ట్యాంకులో క్రేఫిష్ చావులు ఎక్కువగా కుబుసం విడిచే గంటల్లోనో, ఆ తర్వాతి రెండు మూడు రోజుల్లోనో జరుగుతాయి. ఇసుక, గొట్టాలు, నీటి కాఠిన్యం, పక్కన చేపలు ఉండాలా వద్దా లాంటి ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ రోజును బట్టే దొరుకుతుంది.

ముందస్తు గుర్తులు కొన్ని ఉన్నాయి. రెండు మూడు రోజులు తిండి ముట్టదు, రంగు మసకబారుతుంది, గూడు వదిలి రాదు. వీపు పెంకుకూ తోకకూ మధ్య సందు కాస్త వెడల్పై లోపలి లేత పొర కనిపిస్తుంది. లోపల ఈలోగా పెద్ద పనే జరుగుతుంటుంది. పాత పెంకులోని కాల్షియంలో కొంత భాగాన్ని రక్తంలోకి లాక్కుని, జీర్ణాశయం గోడల్లో రెండు తెల్లటి గుండ్రటి రాళ్లుగా దాచుకుంటుంది. వీటిని గ్యాస్ట్రోలిత్‌లు అంటారు. పూర్వం యూరప్ వైద్యులు ఈ రాళ్లనే 'పీత కళ్లు' అన్న పేరుతో మందుగా వాడేవారు. కుబుసం విడిచాక ఆ రాళ్లు కరిగి, ముందు నోటి భాగాలు, జీర్ణాశయంలోని పళ్లు గట్టిపడతాయి. నమలగలిగితేనే కదా మిగతా పెంకుకు కావలసింది సంపాదించుకునేది. రాళ్లలో దాచినది మొత్తం అవసరంలో కొద్ది భాగమే. మిగతాదంతా నీటిలోంచి, తిండిలోంచి, తను విడిచిన డొల్లను తినడం నుంచి రావాలి. అందుకే డొల్లను తీసేయకూడదు. చూడ్డానికి బాగోలేదని తీసేస్తే దాని నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే.

పెంకు విడవడం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, ఒక్కోసారి అరగంట పట్టొచ్చు. ఆ సమయంలో లైటు వేయకండి, ట్యాంకు తట్టకండి, నీళ్లు మార్చకండి. సగంలో ఇరుక్కుపోయినా చేత్తో లాగకండి. లాగితే కాలో, పటకారో, మొప్పల పొరో ఊడి వస్తుంది. చేయగలిగిన మేలు గాలి పంపు వేగం పెంచడమే. ఆ శ్రమలో దానికి ఆక్సిజన్ చాలా కావాలి.

నీటిలో సున్నం

ఇరుక్కుపోవడానికి పెద్ద కారణం నీటిలో ఖనిజాలు చాలకపోవడం. రెండోది, ఒకేసారి ఎక్కువ నీరు మార్చడం. కొత్త నీటి కుదుపుకు, లోపల కొత్త పొర సిద్ధం కాకముందే కుబుసం విడవడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. వారానికి 20 నుంచి 25 శాతం, అదే ఉష్ణోగ్రతలో, నెమ్మదిగా పోస్తే చాలు.

జీహెచ్ (నీటి మొత్తం కాఠిన్యం) 8 నుంచి 15 డిగ్రీలు, కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) 5కు తగ్గకుండా, పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఉంచండి. బోరు నీరు గట్టిగా ఉండే ఇళ్లలో ఏమీ కలపక్కర్లేదు. ఆర్‌వో నీళ్లు మాత్రం అలాగే పోయకూడదు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు వంటసోడా కలపడం. దానివల్ల కేహెచ్, పీహెచ్ పెరుగుతాయి గానీ కాల్షియం చుక్కైనా రాదు. పగడపు ముక్కలు, కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ ఒంట్లోని సున్నపు పెంకు), సున్నపురాయి మంచివే. అయితే అవి నీరు ఆమ్లం వైపు ఉన్నప్పుడే చురుగ్గా కరుగుతాయి. పీహెచ్ అప్పటికే 7.8 ఉంటే నెలల తరబడి అలాగే కూర్చుంటాయి. కటిల్‌బోన్‌ను క్రేఫిష్ గీరుకుని తింటుంది కాబట్టి ఒక ముక్క అడుగున ఉంచడం ఎలాగూ మంచిదే. కొత్తది తేలుతుంది. ఒక రోజు నానబెట్టాలి, లేదా రాయి కింద అదిమిపెట్టాలి.

జీహెచ్ కచ్చితంగా పెంచాలంటే కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ వాడొచ్చు. 50 లీటర్ల నీటిలో జీహెచ్ 2 డిగ్రీలు పెరగడానికి దాదాపు 2.6 గ్రాములు సరిపోతుంది. విడిగా అర లీటరు నీటిలో కరిగించండి. కరిగేటప్పుడు నీరు వేడెక్కుతుంది, చల్లారనిచ్చి రెండు మూడు విడతలుగా పోయండి. రోజుకు 2 డిగ్రీలకు మించి పెంచొద్దు. రొయ్యల ట్యాంకుల కోసం అమ్మే ఖనిజ మిశ్రమాల్లో మెగ్నీషియం కూడా ఉంటుంది కాబట్టి, దొరికితే అదే మేలు.

అయోడిన్ చుక్కలు వేస్తేనే కుబుసం సాఫీగా విడుస్తుందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. నాకైతే నమ్మకం లేదు. వైవిధ్యమున్న తిండి పెట్టేవాళ్లకు దాని అవసరం కనిపించదు, మోతాదు మించితే అది విషమే.

ఇసుక, గొట్టాలు, రాళ్లు

చిన్న స్పర్శశృంగాల, అంటే చిన్న మీసాల మొదట్లో క్రేఫిష్‌కు రెండు చిన్న గుంటలు ఉంటాయి. వాటిలోని ఇసుక రేణువులే ఏది పైనో ఏది కిందో దానికి చెబుతాయి. కుబుసంతోపాటు ఆ గుంటల లోపలి పొరా, రేణువులూ పోతాయి. కొత్త రేణువులు మళ్లీ సమకూర్చుకోవాలి. 1893లో అలోయిస్ క్రైడ్ల్ అనే శాస్త్రవేత్త కుబుసం విడిచిన రొయ్యలకు ఇసుక బదులు ఇనుప రజను అందుబాటులో ఉంచాడు. అవి దాన్నే గుంటల్లోకి తీసుకున్నాయి. తర్వాత పైనుంచి అయస్కాంతం చూపిస్తే తలకిందులయ్యాయి. క్రేఫిష్‌లో ఉన్నదీ ఇదే ఏర్పాటు. కాబట్టి అడుగు ఖాళీ గాజుగానో, గోళీల్లాంటి పెద్ద గులకరాళ్లతోనో వదలకండి. 3 నుంచి 5 సెం.మీ. మందాన సన్నటి ఇసుక పరవండి.

బరువైన రాళ్లను ఇసుక పోయకముందే నేరుగా గాజు మీద ఆనించాలి. ఇసుక మీద పెడితే క్రేఫిష్ వాటికింద తవ్వుతుంది, రాయి కూలి దాన్నే నలిపేస్తుంది, లేదా అద్దం పగులుతుంది.

దాక్కోవడానికి పీవీసీ గొట్టాన్ని మించింది లేదు. 10 సెం.మీ. క్రేఫిష్‌కు 5 సెం.మీ. వ్యాసం, 15 సెం.మీ. పొడవు ఉన్న ముక్క సరిపోతుంది. రెండు చివర్లూ తెరిచి ఉండాలి, అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. ఒక్క ప్రాణికైనా రెండు గూళ్లు ఉంచండి. కుబుసం విడిచే రోజున గూడు ఇరుకైతే తోక బయటే మిగిలిపోతుంది.

మొక్కల మీద ఆశ పెట్టుకోకండి. పాతినవి పీకుతుంది, పీకనివి కత్తిరిస్తుంది. చెక్కకు కట్టిన జావా ఫెర్న్, అనూబియాస్ కొంతకాలం నిలుస్తాయి. హార్న్‌వర్ట్ తిన్నా మళ్లీ పెరుగుతుంది కాబట్టి దాన్ని తోటగా చూడ్డం మాని కూరగా లెక్కేసుకోండి.

ఒకే ఒరలో రెండు కత్తులు

పెద్ద జాతులైతే ఒక ట్యాంకుకు ఒకటే. రెండింటినీ చిన్నప్పటి నుంచి కలిపి పెంచాం, కొట్లాడుకోవడం లేదు అంటారు. నిజమే, గట్టి పెంకు ఉన్నంతకాలం సర్దుకుపోతాయి. ఒకటి మెత్తబడిన రాత్రి రెండోది దాన్ని తినేస్తుంది. అందులో పగ ఏమీ లేదు, వాసన తగిలిన మెత్తటి మాంసం తిండే దానికి. అన్నట్టు, కొట్లాటలో ఇవి ఒకదాని ముఖాన ఒకటి మూత్రం చిమ్ముకుంటాయి. మూత్ర రంధ్రాలు మీసాల మొదట్లోనే ఉంటాయి, బలాబలాలు ఆ వాసనతోనే తెలుస్తాయట.

చేపలతో కలిపినా ఎవరో ఒకరు నష్టపోతారు. అడుగున తిరిగే కోరిడోరాస్, లోచ్, ప్లెకోలు రాత్రిపూట పటకార్లకు చిక్కుతాయి. గప్పీ, బెట్టా, ఏంజెల్‌ల పొడవాటి రెక్కలు తెల్లారేసరికి చిరుగులు పడతాయి. పెద్ద సిక్లిడ్‌ల దగ్గర కథ తిరగబడి, మెత్తబడిన క్రేఫిష్‌ను అవే పొడుచుకు తింటాయి. నీటి పైభాగంలో చురుగ్గా తిరిగే డానియోలు కాస్త నిలదొక్కుకుంటాయి గానీ హామీ లేదు. నత్తలను మాత్రం ఇష్టంగా కొరికి తింటుంది.

దీనికి మినహాయింపు మరగుజ్జు జాతులు. మెక్సికోకు చెందిన కంబరెల్లస్ పాట్జ్‌క్వారెన్సిస్ నారింజ రంగుది 4-5 సెం.మీ. దాటదు. 40 లీటర్లలో ఐదారింటిని, తలకో గూటికి మించి ఇస్తే, కలిపి పెంచొచ్చు. ఆయుష్షు మాత్రం ఏడాదిన్నర, రెండేళ్లు. తొలిసారి పెంచేవాళ్లకు నేను దీన్నే చెబుతాను.

అంగళ్లలో ఎక్కువగా కనిపించేవి ఎర్రటి ప్రోకంబరస్ క్లార్కీ, ఫ్లోరిడాకు చెందిన నీలం ప్రోకంబరస్ అలెనీ. రెండూ 10-12 సెం.మీ. వరకు పెరుగుతాయి, 18 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ వాటికి హాయి. ఒక్కదానికి 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు ఉన్న, సుమారు 60 లీటర్ల ట్యాంకు చాలు. ఎత్తు కంటే నేల వైశాల్యం ముఖ్యం. ఆస్ట్రేలియా రెడ్‌క్లా, అంటే చెరాక్స్ క్వాడ్రికారినేటస్, నెమ్మదైన ప్రాణి. కానీ 20 సెం.మీ. దాటుతుంది, 23 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం కావాలి, ట్యాంకు 120 సెం.మీ. పొడవుండాలి. కొనేటప్పుడు చేతి వేలంత ఉన్నదాన్ని చూసి మోసపోవద్దు.

మార్బుల్డ్ క్రేఫిష్ సంగతి వేరు. 1990ల్లో జర్మనీ అక్వేరియాల్లో బయటపడిన ఈ జాతిలో అన్నీ ఆడవే. మగదానితో పని లేకుండా గుడ్లు పెడుతుంది, పిల్లలన్నీ తల్లికి నకళ్లు. ఒక్కటి చాలు, ట్యాంకు నిండిపోవడానికి. యూరోపియన్ యూనియన్ 2016లో దీన్నీ, ప్రోకంబరస్ క్లార్కీనీ స్థానిక జీవులకు ముప్పయ్యే పరాయి జాతుల జాబితాలో చేర్చి పెంపకం, అమ్మకం నిషేధించింది. మీరున్న చోట ఏవి అనుమతిస్తారో కొనకముందే తెలుసుకోండి.

మూత, ఫిల్టర్, విషాలు

క్రేఫిష్ ఈదుతూ పైకి రాదు, ఎక్కి వస్తుంది. గాలి గొట్టం, హీటరు తీగ, ఫిల్టర్ పైపు, ఏది దొరికినా నిచ్చెనే. మూత బిగుతుగా ఉండాలి, దానిమీద బరువు ఉండాలి, తీగలు వచ్చే సందుల్లో స్పాంజి ముక్కలు కుక్కాలి. నీటి మట్టం అంచుకు 5-7 సెం.మీ. కిందే ఆపండి. అయినా తప్పించుకుంటే చీకటి మూలల్లో, అల్మారాల కింద వెతకండి. మొప్పలు తడిగా ఉన్నంతసేపు, కొన్ని గంటలైనా, బతికే ఉంటుంది. దొరికాక నేరుగా లోతు నీటిలో వేయొద్దు. వీపు మాత్రం తడిసేంత ట్యాంకు నీటిని ఒక డబ్బాలో పోసి అందులో ఉంచండి. మొప్పల గదిలో చేరిన గాలి బయటికి పోయి, అది మామూలుగా నడిచాక ట్యాంకులోకి దించవచ్చు.

ఫిల్టర్‌గా గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ చాలు. వేరేది పెడితే నీరు పీల్చే మూతికి స్పాంజి తొడగండి, లేకపోతే పిల్లలు లోపలికి పోతాయి. కొత్త ట్యాంకులో మేలు చేసే బాక్టీరియా స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. వ్యర్థాల నుంచి పుట్టే విషాలైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే ప్రాణిని తేవాలి. నైట్రేట్ 40 పీపీఎం దాటనివ్వకండి. క్రేఫిష్ నీటి అంచుకు ఎక్కి పక్కకు వాలి ఉంటే ఆక్సిజన్ చాలడం లేదని అర్థం. వేసవిలో నీరు వేడెక్కినప్పుడు ఇది ముందుగా కనిపిస్తుంది. కుళాయి నీటిని ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది, క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసిన రసాయనం) పోదు. అది కలిపే ఊళ్లలో డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను విరిచే ద్రావణం) తప్పనిసరి.

విషాల్లో మొదటిది రాగి. చేపల పరాన్నజీవుల మందులు, నాచు మందులు, నత్తల మందులు చాలావాటిలో రాగి ఉంటుంది. చేపకు మందైనది క్రేఫిష్‌కు యముడు. సీసా మీద కాపర్ అన్న మాట కోసం చూడండి. అలాంటి మందు వాడిన పాత ట్యాంకును దీనికోసం తిరిగి వాడకపోవడమే మంచిది, సిలికాన్‌లో, ఇసుకలో రాగి నిలిచిపోతుంది. రెండోది పురుగుమందు. క్రేఫిష్ పురుగులకు దగ్గరి చుట్టం. దోమల స్ప్రే గదిలో కొడితే గాలి పంపు ఆ గాలినే పీల్చి నీటిలోకి బుడగలుగా పంపుతుంది. ట్యాంకు ఉన్న గదిలో స్ప్రే మానేయండి. కొత్తగా కొన్న మొక్కలను కూడా వారం రోజులు వేరే నీటిలో ఉంచి, రోజూ ఆ నీరు మార్చాకే వేయాలి.

తిండి పెద్ద సమస్య కాదు. ఎండిన బాదం ఆకు ఒకటి ఎప్పుడూ ట్యాంకులో ఉండాలి, తినడానికీ పనికొస్తుంది, దాక్కోవడానికీ పనికొస్తుంది. రోజు విడిచి రోజు, లైట్లు ఆర్పాక, మునిగే గుళికలు ఒకటి రెండు. మధ్యలో ఉడికించిన బఠానీ, క్యారెట్, పాలకూర. చిన్న రొయ్య ముక్కో, గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్‌లో (చేపల మేతగా అమ్మే ఎర్ర పురుగులు) వారానికి ఒకటి రెండుసార్లు. మిగిలింది పొద్దున్నే తీసేయండి. కుబుసం విడిచాక మూడు నాలుగు రోజులు తినకపోయినా కంగారు పడొద్దు.

పటకారు ఊడిపోతే మందేమీ అక్కర్లేదు. ప్రమాదంలో తనంతట తానే తెంచుకుంటుంది. తర్వాతి కుబుసంతో చిన్నది మొలుస్తుంది, రెండు మూడు కుబుసాల్లో పూర్తి సైజుకు వస్తుంది. పెంకు మీద గోధుమ, నల్ల మచ్చలు సాధారణంగా మురికి నీటి ఫలితం. నీరు బాగుచేస్తే తర్వాతి కుబుసంతో పోతాయి. తోక కండ లోపల పింగాణీలా తెల్లబడితే మాత్రం అది సూక్ష్మపరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు, వైద్యం లేదు. వేరు చేయండి, చచ్చాక దాన్ని వేరే క్రేఫిష్ తినకుండా చూడండి.

మగదా ఆడదా అన్నది వెల్లకిలా తిప్పితే తెలుస్తుంది. ప్రోకంబరస్ మగవాటికి తోక కింది మొదటి రెండు జతల కాళ్లు గట్టిపడి, నడక కాళ్ల మధ్యకు ముందుకు మడిచి ఉంటాయి. ఆడవాటికి అవి ఉండవు. పట్టుకునేటప్పుడు పటకార్ల వెనక, వీపు పెంకును రెండు పక్కలా పట్టుకోండి, దాని పటకార్లు వెనక్కి అందవు. ఒంటరిగా కొన్న ఆడది నెలల తర్వాత గుడ్లు పెట్టినా ఆశ్చర్యం లేదు, మగదాని వీర్యాన్ని దాచుకోగలదు. గుడ్లు తోక కింద ద్రాక్ష గుత్తిలా అంటుకుని ఉంటాయి. 22-25 డిగ్రీల దగ్గర సుమారు మూడు వారాల్లో పొదుగుతాయి, పిల్లలు రెండు కుబుసాలు తల్లికి అంటుకునే విడుస్తాయి. అవి విడిగా తిరగడం మొదలుపెట్టాక తల్లిని వేరు చేయాలి. క్లార్కీకి వందల్లో పిల్లలు పుడతాయి. అన్నిటినీ ఉంచుకునే చోటు లేనప్పుడు జత కట్టించకపోవడమే తెలివి.

ఎక్కువైన పిల్లలను చెరువులోనో కాలువలోనో వదలడం మాత్రం ఎప్పటికీ చేయకండి. గట్లు తవ్వుతాయి, నీటిమొక్కలను ఊడ్చేస్తాయి. అన్నిటికన్నా ఘోరం అఫనోమైసిస్ అస్టాసీ అనే నీటి బూజు. అమెరికా జాతులు దాన్ని మోస్తూ ఆరోగ్యంగానే ఉంటాయి, యూరప్, ఆస్ట్రేలియా జాతులు దాని బారిన పడి చస్తాయి. 1860 ప్రాంతంలో ఇటలీలో మొదలైన ఆ తెగులు యూరప్ నదుల్లోని స్థానిక క్రేఫిష్‌లను తుడిచిపెట్టింది. ఇంట్లోనూ ఇదే లెక్క. ప్రోకంబరస్‌ను, చెరాక్స్‌ను ఒకే ట్యాంకులో ఉంచకండి, ఒకదాని వల, సైఫన్ గొట్టం ఇంకొకదానికి తడిగా వాడకండి. ప్రతి ట్యాంకుకూ విడి వల పెట్టుకోండి, తప్పక పంచుకోవాల్సి వస్తే ఎండలో పూర్తిగా, పోగుల మధ్య కూడా తడి లేకుండా ఆరనివ్వండి.